నవ్వు వచ్చే చోట

“...అయితే నవ్వించడం కూడా నా తప్పేనా?”

“తప్పని నేనన్నానా? ఆ బుంగమూతి నిన్నా చెయ్యివ్వలేదు, ఇవాళా ఇవ్వలేదు అంటున్నా. కట్టు మార్చకపోతే లోపల వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోతాయని డాక్టరుగారు పొద్దున్నే నన్ను దులిపేశారు. నీ తోడేలొచ్చి ఆయనకు జవాబు చెబుతుందా?”

“నా తోడేలు జోలికి రాకండి సిస్టరమ్మా.”

కాలిన పిల్లల వార్డు పక్కన, కట్లు మార్చే గది గుమ్మంలో హెడ్ సిస్టర్‌కూ కట్లత్తకూ నడుస్తున్న మాటలివి. కట్లత్త అన్న పేరు పిల్లలు పెట్టింది. పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

ఆమె ఈ ఆస్పత్రికి నేల తుడిచే పనికి వచ్చింది. కట్టు విప్పేటప్పుడు పిల్లలు కదలకుండా గట్టిగా పట్టుకునే మనిషి కావలసి వస్తే ఆమెను పిలిచేవారు. అలా పట్టుకుంటూ పట్టుకుంటూ విప్పడం నేర్చుకుంది. కథలు మాత్రం వార్డులో ఎవరో వదిలేసి పోయిన బొమ్మల పుస్తకంలోవి. అందులో సగం పేజీలు చిరిగిపోయాయి. పోయిన సగం ఆమె సొంతంగా కల్పించుకుంది.

ఆమె కథలో తోడేలు అమ్మమ్మను మింగదు. అమ్మమ్మ అటు బయటికి వెళ్ళగానే మంచమెక్కి, ఆమె కళ్ళజోడు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని మనవరాలి కోసం కాచుకుంటుంది. ఈలోగా పక్కింటావిడ వచ్చి, “ఏం పిన్నిగారూ, మోకాళ్ళెలా ఉన్నాయి?” అంటూ తైలం పట్టిస్తుంది. ఎదురింటాయన చేదు మందు తాగిస్తాడు. “బాబోయ్, నేను అమ్మమ్మను కాదు, తోడేలుని!” అని అది మొత్తుకుంటే, “పాపం, పెద్దావిడకు మతి చలించింది” అని ఇంకో గరిటెడు పోస్తారు. ఇంకో కథలో, గాజు చెప్పు ఎవరి కాలికి సరిపోతుందా అని తిరిగే రాకుమారుడైతే ఊరందరి పాదాల వాసనకు వీధి మధ్యలో సొమ్మసిల్లి పడిపోతాడు.

పిల్లలు పగలబడి నవ్వే చోటు ప్రతి కథలోనూ ఒకటుంటుంది. ఆ చోటు వచ్చేదాకా ఆమె కట్టును సెలైన్‌తో తడుపుతూ పొర పొరగా వదులు చేస్తుంది. పుండుకు అంటుకున్న ఆఖరి పొరను మాత్రం నవ్వు పుట్టిన క్షణంలో లాగేస్తుంది. నవ్వడానికి తెరిచిన నోట్లోంచే కేక వస్తుంది. కానీ అప్పటికి పని అయిపోయి ఉంటుంది. నలుగురు కలిసి అదిమిపట్టే పెనుగులాట లేదు. కొత్త డాక్టర్లు కూడా ఏడుపు గట్టిగా వినబడితే, “కట్లత్త రాలేదా?” అని అడుగుతారు.

ఆవిడంటే పడి చచ్చే పిల్లల్లో, అందరూ బుంగమూతి అని పిలిచే పిల్ల ఒకతె. మరిగే నీళ్ళు పడి కుడిచెయ్యి ముంజేతి దాకా కాలింది. మొదట్లో తోడేలు కథ తనే అడిగి చెప్పించుకునేది. ఇప్పుడు కట్లత్త నీడ కనబడితే చేతిని కడుపులోకి ముడుచుకుంటోంది.

వరండాలో, బస్సు డ్రైవరైన ఆ పిల్ల తండ్రి బల్ల మీద నుంచి లేచాడు.

“అక్కా, నిన్న ఊరికే కోతిలా మొహం పెట్టి ఆడించబోయాను. ఫక్కున నవ్వబోయి, అంతలోనే కెవ్వుమని చెయ్యి దాచేసుకుంది. నేను ముట్టుకోను కూడా లేదు. ఇంట్లో అయితే దాని నవ్వు ఆపలేక చచ్చేవాళ్ళం.”

“బెదిరింది తమ్ముడూ. సర్దుకుంటుందిలే,” అంటూ కట్లత్త వార్డులోకి నడిచింది.

మంచాల మధ్య తెర వేసి ఉంది. దాని అవతల పక్క మంచం పిల్ల గొంతు వినబడింది. ఆ పిల్లకు రెండు కాళ్ళూ కాలాయి. బుంగమూతి కన్నా పెద్దది, చాలా రోజులుగా ఇక్కడే ఉంది.

“తోడేలు వచ్చినా నవ్వకే. నవ్వితే పీకుతుంది.”

“మరి నవ్వొస్తే?”

“బుగ్గ లోపల కొరుక్కో. గట్టిగా. నేనలాగే చేస్తా. నవ్వకపోతే ఎప్పుడు పీకాలో ఆమెకు తెలీదు.”

కట్లత్త తెర జరిపింది. ఇద్దరూ ఒక్కసారే నోళ్ళు బిగించారు.

ఆమె పెద్దపిల్ల మంచం మీద కూర్చుంది.

“ఏదీ, నోరు తెరువు.”

“కథ చెప్పనంటేనే.”

“చెప్పను.”

పిల్ల నోరు తెరిచింది. బుగ్గ లోపల పంటి గాట్లున్నాయి. కొన్ని మానాయి, ఒకటి ఇంకా ఎర్రగా ఉంది. కట్లత్త తలెత్తి మిగతా మంచాల వైపు చూసింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. కిటికీ పక్కన ఉన్న పిల్లవాడు కట్టు కట్టిన మోచేతిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.

హెడ్ సిస్టర్ ట్రేతో వచ్చింది. “ఏమైంది? ఆ పిల్లను తీసుకొస్తున్నావా లేదా? ఏదో ఒకటి చెప్పి నవ్వించు. మిగతావాళ్ళంతా వరసలో ఉన్నారు.”

“నవ్వించను.”

“నవ్వించకపోతే మధ్యాహ్నానికి ఒక్క కట్టు కూడా కాదు. మళ్ళీ అదిమి పట్టడమేనా?”

కట్లత్త లేచి, వార్డంతటికీ వినబడేలా అంది: “ఇవాళ్టి నుంచి కట్ల గదిలో కథ లేదు. లాగే ముందు లాగుతున్నానని చెబుతా. నొప్పి పుడుతుంది. ఏడవండి, నన్ను తిట్టండి. ఎప్పుడు లాగాలో మాత్రం మీరే చెప్పాలి.”