కీర్తన పక్కన పెన్సిల్ రాత

కెనడాలోని స్కార్‌బరోలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక రొమేనియన్ ఆర్థడాక్స్ చర్చి కింది హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేవాళ్లం. నేను ఒషావాలో కాలేజీలో చేరేనాటికి అక్కడ నాలుగు వరసల కుర్చీలు సరిపోయేవి. ఏడాది తిరిగేసరికి వారం వారం కొత్త విద్యార్థులు. ఖమ్మం నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇద్దరు, కడప నుంచి ఇంకొకరు. చలికోట్లు గోడ వార కుప్ప పోస్తే కిటికీ ఎత్తు దాకా వచ్చేది. సండే స్కూల్ పిల్లలు వంటగదిలో బల్లల కింద కూర్చుని కథలు వినేవాళ్లు. అంతమంది ఒక్కసారిగా పాట ఎత్తుకుంటే నాకు ఒళ్లు పులకరించేది. మనుషుల్ని పంపిన దేవుడు చోటు కూడా చూపిస్తాడని నమ్మాను.

చూపించాడు. హాలు పక్కనున్న పుస్తకాల గది ఖాళీ చేసి ఇస్తామన్నారు రొమేనియన్ పెద్దలు. అందులోవన్నీ పాత ప్రార్థన పుస్తకాలు, బైబిల్ కీర్తనల పుస్తకాలు. ఎప్పుడో ఈ దేశపు పడమటి మైదానాల్లో సేద్యం చేసుకోవడానికి వచ్చిన రొమేనియన్ కుటుంబాలు వెంట తెచ్చుకున్నవి. ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి అవి వేరే ఊళ్లోని యూనివర్సిటీకి వెళ్లిపోవాలి. వ్యాన్ నడిపేది మా సంఘంలోని రిచ్‌మండ్ హిల్‌లో ఉండే అంకుల్. సర్దడానికి నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ పేర్లిచ్చాం.

ఆ పుస్తకాల బాగోగులు చూసే మేడమ్‌కి ఎనభై దాటాయి. సొంత దేశంలో చరిత్ర బోధించి, తర్వాత కెనడా వచ్చారు. మెడలో భూతద్దం వేలాడుతుండేది. మేం వెళ్లేసరికి పుస్తకాల దొంతరల మధ్య కూర్చుని ఉన్నారు, చేతిలో పసుపురంగు చీటీ.

"వీటిలో ఒక పుస్తకం నాకు కావాలి. అది ఏదో తెలియదు" అన్నారు ఇంగ్లిష్‌లో.

సంగతి ఇది. పొలాలకు వచ్చిన ఆ రొమేనియన్లు తమ పుస్తకాల అంచుల్లో రాసుకున్న మాటలన్నీ పోగుచేసి ఆవిడ ఒక సంపుటం తయారుచేశారు. సోమవారం అది ప్రెస్‌కి వెళ్తుంది. వాటిలో ఒక కీర్తన పక్కనున్న రాతను చాలా ఏళ్ల కిందట చీటీ మీద ఎత్తి రాసుకున్నారు కానీ ఏ పుస్తకంలోదో రాసుకోలేదు. మూలాన్ని కళ్లతో చూసి సరిపోల్చుకోనిదే అచ్చు వేయకూడదని తన గురువు పెట్టిన నియమం. ఈలోపు దొరక్కపోతే ఆ రాత తీసేస్తారు.

"ఒక్కటే కదా మేడమ్, ఉంచేయండి. ఎవరికి తెలుస్తుంది?" అంది రూమ్మేట్.

"ఒక్కటే. కానీ ఆ ఇంటివాళ్లు ఈ భూమి మీద బతికారనడానికి అదొక్కటే మిగిలింది. అబద్ధమేమో అన్న అనుమానంతో వాళ్లను అచ్చులో పెట్టలేను."

పుస్తకాల దుమ్ము దులుపుతూ తన గురువుల గురించి చెప్పారు. పేర్లు నా నోరు తిరగలేదు కానీ చేసిన పని మాత్రం మనసులో నాటుకుపోయింది. రాజుల చరిత్ర రాయడానికి రాజుల కాగితాలున్నాయి. మామూలు జనం ఏమయ్యారో ఎలా తెలుస్తుంది? ఆ రొమేనియన్ చరిత్రకారులు మఠం తర్వాత మఠం తిరిగారట. పూజారులు, పాటగాళ్లు, చదువు వచ్చిన రైతులు దైవగ్రంథాల అంచుల్లో గీకినవన్నీ ఎత్తి రాసుకున్నారట. ఇవాళ భూమి కదిలింది. మిడతలు వచ్చాయి. గంట పగిలింది. అలాంటి ముక్కలు వేలకు వేలు పేర్చితే, ఏ కరువు ఏ లోయ దాకా పాకిందో తేలిందట. తర్వాత వచ్చిన ప్రభుత్వం చరిత్రను తనకు నచ్చినట్టు రాయమంది. ఒప్పుకోనివాళ్లలో కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరు జైలు నుంచి తిరిగి రాలేదు. వాళ్ల పుస్తకాలను లైబ్రరీల్లో తాళం వేసి దాచేస్తే, మేడమ్ లాంటి శిష్యులు నోటుబుక్కుల్లోకి ఎత్తి రాసుకుని కాపాడారు.

నా బైబిల్ అంచులు కూడా అలాగే ఉంటాయి. ఏ వాక్యం మీద ఏ ప్రసంగం విన్నానో, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో రాయడం చిన్నప్పటి నుంచి నా అలవాటు. "దేవుని మాటల కంటె నీ మాటలే ఎక్కువున్నయ్ గదనే ఇందుల" అని రూమ్మేట్ ఎప్పుడూ వెక్కిరించేది.

"ఆ రాత ఏ కీర్తన పక్కన ఉంది మేడమ్?" అని అడిగాను.

"మహోన్నతుని నీడలో నివసించేవాడి కీర్తన. దాని సంఖ్య..."

"నాకు తెలుసు మేడమ్! పన్నెండేళ్లకే కంఠతా పట్టాను. మీరు మీవి చూసుకోండి" అని మధ్యలోనే అందుకున్నాను. ఆవిడ నవ్వి, తనకు మాత్రమే చదవడం వచ్చిన పాత లిపి పుస్తకాల వైపు తిరిగారు. ఇంగ్లిష్ అక్షరాలతో ఉన్నవి మా వంతు.

రొమేనియన్ ఒక్క ముక్క రాకపోయినా అంకెలు వచ్చు కదా. పుస్తకం తెరవడం, తొంభై ఒకటో కీర్తన తీయడం, అంచు చూడటం, పెట్టెలో పెట్టడం. ఖాళీ, ఖాళీ, మైనపు మరక, మళ్లీ ఖాళీ. మూడున్నరకు మా దొంతర అయిపోయింది. మేడమ్ కూడా తన చివరి పుస్తకం మూసేశారు. చీటీని మడిచి సంచిలో పెట్టుకోబోయారు.

నాకు ఏడుపొచ్చింది. ఏం చేయాలో తోచక చేతిలోని పుస్తకంలోనే నూట ముప్పై ఆరో కీర్తన తీశాను. దేవుని కృపను గురించిన పల్లవి ప్రతి వచనం చివరా వస్తుంది. మా సంఘంలో పాస్టర్‌గారు ఒక సగం చదివితే మేమంతా గొంతెత్తి రెండో సగం చెబుతాం. ఆ పల్లవి వీళ్ల భాషలో ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను.

పల్లవి లేదు! పేజీ వెనక్కి తిప్పాను. అక్కడ ఉంది. ప్రతి వరస చివరా అవే మాటలు నిచ్చెన మెట్లలా దిగుతున్నాయి. పైన సంఖ్య నూట ముప్పై అయిదు.

"మేడమ్, మీ కీర్తన సంఖ్య మా సంఖ్య కంటే ఒకటి తక్కువా?"

"అవును. మీ తొమ్మిదీ పదీ కలిపి మాకు ఒకటే కీర్తన. అక్కడి నుంచి మా లెక్క ఒకటి వెనక. తెలుసన్నావుగా?"

"దేవా! పెట్టెలన్నీ విప్పవే!" అని అరిచాను.

"అయ్యో నీ పాండిత్యం పాడుగాను! టేపులు గూడ ఏసేసిన గదనే!" అంటూనే రూమ్మేట్ తాళంచెవితో టేపులు చింపింది. తొంభై. తొంభై. తొంభై. అంతలో అంకుల్ తలుపు దగ్గరికి వచ్చారు. "ఏంటమ్మా ఇది, సర్దమంటే మళ్లీ పరిచారు? స్నో మొదలయ్యేలోపు హైవే ఎక్కాలి."

"అంకుల్, పది నిమిషాలు! మీరూ ఒక పుస్తకం పట్టుకోండి, ప్లీజ్!"

ఆయన గొణుక్కుంటూ చేతి తొడుగులు తీసి నేల మీదే కూర్చున్నారు. రెండో పెట్టె అడుగున, అట్ట ఊడిన చిన్న పుస్తకంలో, తొంభయ్యో కీర్తన పక్కన సన్నని పెన్సిల్ రాత కనిపించింది. ఆ పుస్తకం పట్టుకుని మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చీటీ విప్పి, భూతద్దం పెట్టి, అక్షరం అక్షరం పోల్చి, పైకి చదివి మాకు అర్థం చెప్పారు.

"మూడు రోజులుగా మంచు. తలుపు తెరుచుకోవడం లేదు. పాప పుట్టింది. ఇద్దరం ఈ కీర్తన చదివాం. రొట్టె ఉంది."

"స్తోత్రం" అన్నారు అంకుల్ మెల్లగా.

మేడమ్ చీటీ మీద ఆ పుస్తకం వివరాలు రాసుకున్నారు. ముఖం వెలిగిపోతోంది. "ఆ పాప కూడా అచ్చులోకి వస్తుంది" అన్నారు.

సంతోషం పట్టలేక నా సంచిలోంచి బైబిల్ తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. తెలుగు రాదు కాబట్టి అంకెలు చూసుకుంటూ పేజీలు తిప్పారు. "ఇక్కడ ఏం రాశావు?" అని తొంభై ఒకటో కీర్తన పక్కన వేలు పెట్టారు.

"వీసా వచ్చింది. అమ్మ ఉపవాసం విడిచింది. అందరం పెరుగన్నం తిన్నాం."

"తేదీ ఏది?"

నేను ఏ పేజీలోనూ తేదీ వేయలేదు. ఆవిడ భూతద్దం పైనుంచి, పరీక్ష తప్పిన పిల్లను చూసినట్టు చూశారు.

"తేదీ లేకుండా రాస్తే, రేపు నీకోసం వెతికేవాళ్లు ఎంత ఏడవాలి?"

తిరిగి ఒషావా వెళ్లే బస్సులో రూమ్మేట్ నా ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతికి తేదీలు చదువుతుంటే, నేను ఒక్కొక్కటే బైబిల్ అంచుల్లో వేసుకుంటూ వచ్చాను. మేం దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.