నూరువరహాల చుట్టూ సిమెంటు గట్టు

మేస్త్రి కట్టిన గోడ బీటలు వారిందన్న మాట ఆ వీధిలో ఎవరూ వినలేదు. నిలువు చూసేందుకు దారానికి వేలాడదీసిన గుండు నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టే మనిషి అతడు. అటువంటివాడు ఇప్పుడు తన పెరట్లో, తన చేతులతోనే కట్టిన మోకాలెత్తు గట్టును చూసి బెదిరిపోతున్నాడు. గట్టు నిక్షేపంగా ఉంది. దాని నడుమ ఉన్న నూరువరహాల మొక్కే నానాటికీ పాలిపోతోంది.

ఆ మొక్క సంగతి కొంత చెప్పకపోతే అతని భయం బోధపడదు. పని దొరికిన చోటికల్లా కాపురం మార్చిన రోజుల్లో సామానంతా బండెక్కినా, ఆ మొక్క ఉన్న నూనెడబ్బా మాత్రం అతని భార్య ఒడిలోనే ప్రయాణం చేసేది. గోడకు మేకు కొట్టనివ్వని ఇంటివాళ్ళు నేలలో మొక్కను నాటనిస్తారా? సొంత గూడు లేచాక, తలుపులు బిగించకముందే ఆవిడ మొక్కను నేలకు దించింది. ఏడాది పొడవునా పచ్చదనం వీడని పొద. దళసరి ఆకుల నడుమ ఎర్రని గుత్తులు. పువ్వులకు వరహాల పేరు పెట్టిన ఆ పూర్వుడెవరో గాని, తప్పకుండా చేతిలో ఒక్క వరహా కూడా లేనివాడే అయి ఉంటాడు. ఆ విచారణ మనకిప్పుడు అప్రస్తుతం.

చెల్లెలి పురిటికి సాయంగా భార్య వెళ్ళినప్పుడు, తిరిగి వచ్చేసరికి ఆవిడను ఆశ్చర్యపరచాలని మేస్త్రికి బుద్ధి పుట్టింది. ప్రేమ ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క పనిముట్టు అందిస్తుంది. అతని చేతికి తాపీ అందించింది. మొక్కను పెకలించి, గుంట అడుగున కాంక్రీటు పరిచి, చుట్టూ గట్టు కట్టి, అద్దంలా పూత పూసి, మట్టి నింపి మళ్ళీ నాటాడు.

"ఏమయ్యా, మొక్కకి కోట కట్టావే!" అని ఆవిడ వచ్చీ రాగానే నవ్వింది.

వానలు వెలిసేసరికి ఆ నవ్వు మాయమైంది. కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, తక్కినదంతా పసుపుబారి పుట్టసాగాయి. ఆవిడ ఎరువు మార్చింది, నీళ్ళు తగ్గించింది. చివరికి మొక్క ఊసెత్తడమే మానేసింది.

"బావా, అక్క మాట్లాడటం మానేసిందంటే చూసుకోవాల్సింది మొక్క సంగతి కాదు, నీ సంగతి," అన్నాడు అతని దగ్గర సిమెంటు కలిపే బావమరిది.

"నోరు మూసుకుని తట్ట కడుగు!"

ఒకనాటి ఉదయం మేస్త్రి గట్టు లోపలి మట్టిని గిల్లి చూశాడు. తెల్లని పొడి అంటుకుంది. పగిలిన చేతుల్లో చురుక్కుమంది. అది పచ్చి సిమెంటు కలిపిననాటి మంటే. ఆ మంటను అతడు కళ్ళు మూసుకుని పోల్చగలడు. తన చర్మాన్నే తినేసే సున్నపు ఘాటు మొక్కను మాత్రం ఎందుకు వదులుతుంది?

"దీన్ని నేనే చంపుతున్నానే," అన్నాడు భార్యతో.

"నాకెప్పుడో అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే గట్టు పగలగొట్టేవాడివా, నాతో పోట్లాడేవాడివా?"

అతడు వెళ్ళి సుత్తి తెచ్చుకున్నాడు.

గట్టు లొంగలేదు. అతని పనితనమే అతనికి ఎదురు తిరిగింది. దెబ్బదెబ్బకూ ఆకులు జలజలా రాలుతున్నాయి. భార్య కాండాన్ని రెండు చేతులా పట్టుకుని, అదురు ఎక్కువైనప్పుడల్లా "ఆగు" అంటోంది.

"కూల్చేదానికి ఇంత గట్టిగా కట్టడం దేనికి బావా?" అన్న బావమరిదికి ఈసారి తిట్టు కూడా దక్కలేదు.

గట్టు పోయింది, అడుగు పలక మిగిలింది. మొక్కను ఎత్తితే గాని అది రాదు. ఇంత పొదను ఈ కాసిని వేర్లు మోయలేవని ఆవిడ కత్తెర తీసుకుని, పూసిన గుత్తులతో సహా కొమ్మలన్నీ తానే కత్తిరించింది. మేస్త్రి ముఖం తిప్పుకున్నాడు.

బొటనవేలంత తల్లివేరు ఒకటి కాంక్రీటును కరచుకుని ఉంది. అతడు సుత్తి పక్కన పెట్టి, ఉలిని అరచేత్తోనే నొక్కుతూ గీకసాగాడు. వేరు పుటుక్కుమంటే అంతా అయిపోయినట్టే. చివరికి చిన్న పెచ్చుతో సహా ఊడి వచ్చింది.

"ఆ పెచ్చు పీకకు, ఉండనీ," అంది ఆవిడ.

గోడకు దూరంగా, ఆకులు కుళ్ళిన ఎరువుతో నింపిన కొత్త గుంటలో మొక్కను దించారు. మొక్క అనడానికి మిగిలినవి మోడు పుల్లలే. ఆ తరువాత మేస్త్రి పెరటి వైపు వెళ్ళడమే మానేశాడు. స్నానానికి కూడా ముందు వాకిట్లోనే నీళ్ళు తోడుకునేవాడు. భార్య ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించేది.

చివరికి ఒక సెలవునాడు ఉండబట్టలేక వెళ్ళాడు. రెండు పుల్లలు చీలిన చోట, గోరంత, రాగిరంగులో ఏదో నిగనిగలాడుతోంది.

"ఏమే! ఇటు రా! తొందరగా!"

"చిగురేనా?" వంటింట్లోంచి గొంతు మాత్రమే వచ్చింది. "మొన్ననే చూశాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నీ అంతట నువ్వు వస్తావో రావో చూద్దామని."

అతడు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. బడిపిల్లవాడు అనుమతి కోరినట్టుగా అడిగాడు:

"నీళ్ళు పొయ్యనా?"

"పొయ్యి. నీళ్ళే పొయ్యి, మళ్ళీ ఏమీ కట్టకు."