డాల్‌గ్రెన్ ఇంట్లో ఎమిల్

మా ఇసుక కొండల్లో పశువుల బీడు చేతులు మారినా పేరు మారదు. కొన్నవాడి పేరు అతను పోయాక గాని దానికి అంటుకోదు.

ఎమిల్ ప్రొకాప్ పడుచువాడిగా ఉన్నప్పుడు డాల్‌గ్రెన్ల దగ్గర బీడు, అందులోని ఇల్లు కొన్నాడు. భార్య ఇర్మాను ఆ ఇంటికే తెచ్చుకున్నాడు, ఆ ఇంట్లోనే పోగొట్టుకున్నాడు. పిల్లలు లేరు. తల నెరిసింది. అయినా అందరికీ అది డాల్‌గ్రెన్ ఇల్లే. దాణా కొట్టు గోడమీది ప్రభుత్వ పటంలోనూ అంతే. ఎత్తుపల్లాల గీతల మధ్య ఒక నల్లచుక్క, పక్కన డాల్‌గ్రెన్ అని.

కొత్త పటం కోసం సర్వే మనిషి తిరుగుతున్నాడని తెలిసి ఎమిల్ దాణా కొట్టుకు వచ్చాడు.

"ఈసారి నా పేరు పడాలి ఆర్లో. నా వెనక ఎవరూ లేరు. కాగితం మీదైనా ఉండాలి కదా."

"పడుద్దిలేవోయ్ ముసలోడా," అన్నాడు కొట్టు ఆర్లో. "నీ ఆవుల పేర్లు కూడా వేయిస్తావా ఏంటి?"

"అవి నీకంటే నయం. పలకరిస్తే తలైనా ఊపుతాయి."

సర్వే మనిషి వచ్చేసరికి ఎమిల్ నీళ్లు తోడే గాలిమర పైకెక్కి గ్రీజు పెడుతున్నాడు. కింద జీపు ఆగింది.

"పెద్దాయనా! ఆ ఇల్లెవరిదండీ?"

దారి తప్పిన లారీవాళ్లకు ఏళ్లతరబడి అదే మాట చెప్పి అలవాటైన నోరు. తలైనా తిప్పకుండా, "డాల్‌గ్రెన్ వాళ్లది!" అని అరిచాడు.

జీపు కదిలాక చూశాడు, తలుపు మీద ప్రభుత్వ ముద్ర. హడావుడిగా దిగేసరికి కొండ అవతల దుమ్ము కూడా అణిగిపోయింది. పట్నం దాకా వెంటపడ్డాడు. ఆ మనిషి లాడ్జిలో గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

సర్వే ఆఫీసుకు ఉత్తరం రాయమన్నాం.

"ఏమని రాయను? నా ఇల్లు ఎవరిదో నేనే తప్పు చెప్పాననా?"

కొత్త పటం వచ్చింది. రంగులు బాగున్నాయి. నల్లచుక్క పక్కన పాత పేరే. ఆర్లో నవ్వలేదు. పెన్ను తీసి ఇచ్చాడు.

"కొట్టేసి నీ పేరు రాసేయ్. ఎవడడుగుతాడు?"

ఎమిల్ పెన్ను తీసుకుని నల్లచుక్క దాకా తెచ్చి ఆపాడు.

"రాస్తే మాత్రం, రేపట్నుంచి నువ్వేమని పిలుస్తావ్ ఆ ఇంటిని?"

 ఎమిల్ పెన్ను బల్లమీద పెట్టి, ఆవులు నాకే ఉప్పుదిమ్మ ఒకటి భుజాన ఎత్తుకుని వెళ్లిపోయాడు.