పెద్దవాళ్ళు లేని గదిలో తోరం

మా ఆఫీసులో పండగలు ముందే వచ్చి వెళ్ళిపోతాయి. వెబ్‌సైట్లకు భక్తి వ్యాసాలు రాసే ఉద్యోగం నాది. పండగ దగ్గరపడ్డాక రాస్తే లాభం లేదు. వెతికేవాళ్ళకు మా పేజీ కనబడేసరికి పండగ అయిపోతుంది. అందుకని ఎండలు మండిపోయే రోజుల్లో, ఏసీ చలికి భుజాల నిండా చున్నీ కప్పుకుని, నేను వరలక్ష్మీ వ్రతం గురించి రాస్తాను. తీరా శ్రావణమాసం వచ్చేసరికి బతుకమ్మ మీద ఉంటాను. ఊరంతా బతుకమ్మ ఆడుతుంటే కార్తీక దీపాల దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాను. మియాపూర్‌లో నా కిరాయి గదిలో దీపం పెట్టేటప్పుడు మాత్రం నిజమైన తిథి ఏదో క్యాలెండరు చూసి గుర్తు చేసుకోవాలి.

ఈ పని దొరకడం దేవుడి దయే. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక నన్ను బడికి పంపలేదు. బాలానగర్‌లో మా పెద్దమ్మ ఇంట్లోనే చదువు చెప్పింది. పక్క షెడ్డులో లేత్ మిషన్ రోజంతా గీపెట్టేది. ఆ చప్పుడు మీదుగా వినబడాలని పెద్దమ్మ గట్టిగా చదివేది, నేను ఇంకా గట్టిగా అప్పజెప్పేదాన్ని. వ్రతకథలే నా వాచకాలు. పరీక్షలు బయటినుంచి కట్టి పాసయ్యాను. బడి ముఖం చూడని మనిషిని హైటెక్ సిటీ అద్దాల మేడలో కూర్చోబెట్టింది ఆ చదువే. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ తర్వాత నాకు పెద్దవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు.

ఏం రాయాలన్నది మాకు జనమే చెబుతారు. గూగుల్‌లో వెతికే పెట్టెలో సగం మాట కొడితే చాలు, తక్కిన సగాలు కింద వేలాడుతూ వస్తాయి. కొట్టిన కొబ్బరికాయ కుళ్ళితే ఏమవుతుంది, దీపం మధ్యలో కొండెక్కితే దోషమా, కలలో చనిపోయిన అమ్మ అన్నం అడిగితే అర్థమేమిటి. పొద్దున్నే సీట్లో కూర్చుని ఇవన్నీ చదువుతాను. అందులోంచి నాకు కావలసిన విషయాలు ఏరుకుంటాను. ఒక్కోసారి చేతులాగిపోతాయి. పక్కన అడగడానికి మనిషి ఉంటే వీళ్ళు ఈ పెట్టెను అడుగుతారా?

అయినా మా ప్రతి వ్యాసం చివరా ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. "సందేహం ఉంటే మీ ఇంట్లో పెద్దలను అడిగి, మీ ఆచారం ప్రకారం చేసుకోండి." ఎవరి ఆచారంతోనూ గొడవ రాకుండా ఆఫీసు పెట్టుకున్న నియమం అది. ఈమధ్య మొదటి చిత్తు కంప్యూటర్‌లోని ఏఐ మిషనే రాసిస్తోంది, నేను సరిదిద్దుతున్నాను. ఎవరూ చెప్పకుండానే అదీ చివర్లో అదే వాక్యం రాస్తోంది. మాలాంటి పేజీలు చదివే నేర్చుకుని ఉంటుంది.

పోయిన శ్రావణంలో, వ్రతం వారంలోనే, మంగళవారం పొద్దున పాత వరలక్ష్మీ వ్రతం పేజీ కింద ఒక కామెంటు వచ్చింది. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన మాటలు.

"అక్కా, మా ఇంట్ల పెద్దోళ్ళు ఎవరూ లేరు. కొండాపూర్‌ల రూంల ఒక్కదాన్నే ఉంటున్న. తోరం కుడిచేతికి కట్టించుకోవాలె అని రాసిన్రు. ఎవరు కట్టాలె? నాకు నేను కట్టుకుంటే రావట్లే. శుక్రవారం లోపల జర చెప్పండి."

వ్రతం చేసుకున్నవాళ్ళకు తెలుసు. తొమ్మిది పోగుల పసుపు దారం, తొమ్మిది ముడులు. పూజయ్యాక ఆ తోరం కుడి మణికట్టుకు ఎవరో ఒకరు కట్టాలి. అమ్మో, అత్తో, భర్తో. ఎవరూ లేనివాళ్ళకు ఎడమచెయ్యి ఒకటే మిగులుతుంది. ఒక్క చేత్తో ముడి పడదు. పంటితో లాగితే పడుతుంది గానీ, తోరం ఎంగిలవుతుంది.

జవాబు నాకు తెలుసు. కానీ మేం కామెంట్లకు సొంతంగా జవాబివ్వకూడదు. మా టీమ్ లీడ్ చూసి ఒప్పుకుంటేనే అది వెబ్‌సైటు పేరుతో వెళుతుంది. ఆవిడ కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన, పని గట్టి. వెళ్ళి అడిగాను.

"పూజ సందేహాలకు విడిగా చెప్పలేమండి. రేపు ఇంకొకరు వచ్చి, మీ మాట విని తప్పు చేశామంటే?"

"పోనీ దీనిమీద ఒక కొత్త పేజీ వేద్దామండి. ఒంటరిగా ఉండేవాళ్ళు వ్రతం ఎలా చేసుకోవాలీ అని."

"ఎంతమంది వెతుకుతున్నారో చూశారా?"

"చూశానండి. లెక్క చూపించట్లేదు."

"చూపించట్లేదంటే లేరనే కదండీ." ఆవిడ నవ్వింది. ఎగతాళి కాదు, లెక్క అలాంటిది. "బతుకమ్మ పేజీలు ఎంతవరకు వచ్చాయి?"

సీటుకు వచ్చి కూర్చున్నాను. బతుకమ్మకు ఏ పూలు పేర్చాలో సరిదిద్దుతున్నాను, మనసు మాత్రం కొండాపూర్‌లో ఉంది. ఆ అమ్మాయి రోజూ నాలాగే ఏదో అద్దాల మేడకు వెళ్ళి వస్తుందేమో. శుక్రవారం పొద్దున తలంటుకుని, కలశం పెట్టుకుని, కథ తనే చదువుకుని తనే వింటుంది. అంతా అయ్యాక దారం పట్టుకుని మంచం అంచున కూర్చుంటుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. పెద్దమ్మ పోయిన మొదటి ఏడు, తోరం చేతిమీద పెట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి దాన్ని కట్టుకోకుండానే అమ్మవారి పటానికి చుట్టేసి ఆఫీసుకు వచ్చేశాను. ఆ రోజంతా కుడిచెయ్యి బోసిగా అనిపించింది.

నా పక్క సీటు అమ్మాయిది సిద్దిపేట. ఇళ్ళ స్థలాల పేజీలు రాస్తుంది. తెర మీంచి కళ్ళు తీయకుండానే అడిగింది.

"ఏందక్కా, గంత పరేషాన్ అయితున్నవ్?"

చెప్పాను.

"నువ్వు కొత్త పేజీ అంటే ఆమె ఎందుకొప్పుకుంటది? పాత పేజీ సర్దుడు మన పనే గద. గండ్లనే ఈ ముచ్చట వెయ్యి. నేను చూడు, యాడనో అడివిల ఉన్న ప్లాటును హైటెక్ సిటీకి దగ్గర అని ఇప్పటికి ఎన్నిసార్లు సర్దిన్నో."

"నిజంగా దగ్గరేనా?"

"హెలికాప్టర్ ఉంటే దగ్గరనే."

ఆ మాటకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఇప్పటికీ ఆ పిల్లకు రుణపడి ఉన్నాను. దారీ తనే చూపించింది. పాత పేజీలు సర్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సర్దాక లీడ్ ఒకసారి చూస్తే చాలు.

బుధవారం కూర్చుని, తోరం కట్టుకునే చోట నాలుగు మాటలు చేర్చాను. ముందురోజే తోరానికి పసుపు రాసి ఆరనివ్వాలి, తడిగా ఉంటే దారం జారదు. పూజకు ముందే ఒక కొసన చెయ్యి పట్టేంత జారుముడి వేసి, అమ్మవారి ముందు పెట్టాలి. పూజయ్యాక కుడిచెయ్యి అందులోకి దూర్చి, రెండో కొస ఎడమచేత్తో మెల్లగా లాగితే మణికట్టు దగ్గర బిగుస్తుంది. మిగిలిన కొసను లోపలికి దోపుకోవాలి. పళ్ళతో లాగకూడదు. లాగేటప్పుడు, కడుతున్నది అమ్మవారే అనుకోవాలి.

గురువారం మధ్యాహ్నం లీడ్ నన్ను పిలిచింది. నేను చేర్చిన మాటలు తెర మీద ఉన్నాయి.

"బాగుందండి. చివర్న 'అని పండితులు చెబుతున్నారు' అని పెట్టేయండి, పంపేస్తాను."

మా పేజీల్లో ఆ మాట ఉప్పులాంటిది, అన్నిట్లోనూ పడుతుంది. కానీ నాకు చెయ్యి రాలేదు.

"ఏ పండితులూ చెప్పలేదండి."

"అన్నిట్లో పెడతాం కదా."

"తక్కినవాటికి ఏదో పుస్తకమో, గుళ్ళో పంతులుగారి మాటో ఉందండి. దీనికి ఏమీ లేదు. దేవుడి విషయంలో లేని మాట ఎలా పెట్టమంటారు?"

"మరి మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. నేనే అలా కట్టుకుంటాను."

ఆవిడ కుర్చీ ఇటు తిప్పి నన్ను చూసింది. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఇంటి సంగతులు మాట్లాడుకోలేదు. నేను ఎవరితో ఉంటానో ఆవిడకు తెలియదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూనండి."

 ఆవిడ మళ్ళీ తెర వైపు తిరిగింది.

"మన పేజీల్లో 'నేను' అని రాయమండి. మీకు తెలుసు. పండితులు వద్దంటే, ఇంకెవరో ఒకరు ఉండాలి కదా."

అక్కడే నిలబడి ఆలోచించాను. చివరికి ఆవిడ కీబోర్డు మీదే వంగి రాశాను. 'ఒంటరిగా ఉండే ఒకామె ఇలా కట్టుకుంటుంది.' ఆవిడ ఆ వాక్యాన్ని చదివి, మళ్ళీ చదివి, పంపేసింది. ఆ సాయంత్రం కొత్తగూడ దగ్గర బస్సు ఆగిపోయి చుట్టూ హారన్లు మోగుతుంటే, నేను ఫోన్‌లో ఆ పేజీనే పదేపదే తెరిచి చూశాను. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి చూస్తుందో లేదో. ఎవరైనా ఒక్కసారి అడిగి జవాబు లేకపోతే ఆ పేజీకి మళ్ళీ రారు. నేనైతే రాను.

శుక్రవారం పొద్దున నా గదిలో నా పూజ అయింది. అందరినీ చల్లగా చూడమని అమ్మవారిని అడిగేటప్పుడు పేర్లు చెప్పడం నాకు అలవాటు. ఆ పిల్ల పేరు తెలియదు కాబట్టి 'కొండాపూర్ అమ్మాయి' అన్నాను. నానబెట్టిన సెనగలు డబ్బాలో పోసుకుని ఆఫీసుకు వచ్చాను. సిద్దిపేట పిల్ల సగం తినేసింది.

మధ్యాహ్నం దాటాక కామెంటు వచ్చింది.

"కట్టుకున్న అక్కా. జర వంకర పోయింది గని ఉన్నది. ఆ ఒకామె మీరేనా?"

మా వెబ్‌సైటు మొదలైనప్పటి నుంచీ ఎందరో ఎన్నో అడిగారు. రాసింది ఎవరని ఎవరూ అడగలేదు.  జవాబు పెట్టెలో రాశాను. "అవునమ్మా, నేనే. నాకూ మొదట్లో వంకరే పోయేది."

అది లీడ్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తల ఎత్తలేదు, పిలవలేదు. బతుకమ్మ చిత్తు ఒకటి దిద్దేలోపు ఆ జవాబు పేజీ మీదికి వచ్చేసింది. ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

ఆ అమ్మాయి దగ్గర్నుంచి తర్వాత ఏ మాటా రాలేదు. వ్రతం అయిపోయింది, ఇంకేం రావాలి? ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే ఫోన్ తీశాను. వెబ్‌సైటు బొమ్మ పక్కన, దాని పేరు కింద, నా జవాబులోని 'నేనే' అలాగే ఉంది. ఇంకా తీసేయలేదు.