మోకాల్లోతు ఇసుక

మా ఎదురు స్థలంలో కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పొద్దున్నే ఇసుక లారీ వచ్చి ఆగితే ఆ తడి వాసన మూడో అంతస్తులోని మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఏటి ఒడ్డున పెరిగినవాళ్లకు ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కిందికి తొంగిచూస్తే లారీ వచ్చిన దారంతా రోడ్డు మీద నీటి చార. టార్పాలిన్ కింది నుంచి ఇంకా బొట్లు కారుతూనే ఉంటాయి. పక్క ఫ్లాటావిడ రోడ్డంతా బురద చేస్తున్నారని విసుక్కుంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. అలా కారిపోయేవి ఏ ఊరివాళ్లు వేసవిలో తాగాల్సిన నీళ్లో! పైడమ్మత్త ఉంటే ఆ డ్రైవర్ని కిందికి లాగి నాలుగు దులిపేది. నేను కిటికీ మూసుకుంటాను.

పైడమ్మత్త మాకు చుట్టం కాదు. నాగావళి ఒడ్డున మా ఊళ్లో మాది, ఆవిడది ఒకటే గోడ. ఊడ్పులకూ కోతలకూ కూలికి వెళ్లేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆవిడ గొంతెత్తితే రెండు వీధుల అవతల కుక్కలు కూడా లేచి నిలబడేవి. వేసవిలో మా ఊరి నూతులన్నీ అడుగంటేవి. తాగడానికి ఏటిలో చెలమలే దిక్కు. ఎండిన ఏటి ఇసుకలో చేత్తో గుంట తీస్తే అడుగున తేటగా నీళ్లు ఊరేవి. కొబ్బరి చిప్పతో తోడి, గుడ్డలో వడగట్టి బిందె నింపుకోవాలి. మా అమ్మకు నడుంనొప్పి. అందుకని ఎనిమిదో ఏటినుంచే బిందె పట్టుకుని అత్త వెనక ఏటికి వెళ్లడం నా పనయింది.

ఆ చెలమలకు అత్త పెట్టిన కట్టుబాట్లు రెండు. మొదటిది లోతు. ఇసుకలో చెయ్యి దించి చూసేది. మోచెయ్యి దాటితే ఇక తవ్వనిచ్చేది కాదు. "నువ్వు లోతుకి తవ్వుకుంటే పక్కోల్ల సెలమ ఎండిపోద్ది. ఇంకోకాడ సూసుకో" అనేది. రెండోది నాకు అసలు నచ్చేది కాదు. ఒకరోజు బిందె నిండగానే నడుముకెత్తుకుని బయల్దేరాను. వెనకనుంచి కేక.

"ఒసే గుంటా, ఆగు! సెలమ నిండినాదేటి?"

"నా బిందె నిండింది గదత్తా."

"నీ బిందె సంగతి ఎవులడిగినారే? నీ ఎనక వచ్చినోల్లకి సెలమ నిండుగా కనపడాల. కూకో."

కాలే ఇసుకలో కూర్చున్నాను. నీరు దారంలా సన్నగా ఊరుతోంది. ఏడుపొచ్చింది. ఆవిడ నా వైపు చూడను కూడా చూడలేదు. ఇంకోసారి మా ఊరి సర్పంచ్ కోడలు పనిమనిషితో వచ్చి నాలుగు బిందెలు వరసగా తోడేసి లేవబోతే ఆవిడనీ అలాగే కూర్చోబెట్టింది. సర్పంచ్ కోడలు పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఎండలో కూర్చున్న దృశ్యం తలచుకుంటే నాకిప్పటికీ కడుపు చల్లబడుతుంది.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు ఊళ్లోకి ఒక కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. బడి వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. లారీలు ఏట్లోకి దిగడానికి ఊరు ఒప్పుకుంటే పెద్ద వాటర్ ట్యాంకు కట్టించి ఇంటింటికీ కుళాయి ఇస్తామన్నాడు. ఇసుక ఎంత తీస్తారని ఎవరో అడిగితే "ఎంతండీ, మోకాల్లోతు. ఒక్క వరద వస్తే మళ్లీ నిండిపోతుంది" అని నవ్వాడు. ఊరు మురిసిపోయింది. నీళ్లిచ్చే ఏటిని ఇచ్చేసి నీళ్ల ట్యాంకు తీసుకున్నాం. ఇంత తెలివైన బేరం ఇంకే ఊరూ చేసి ఉండదు.

ఇంటింటికీ ఒక కాగితం పంచారు. అందరూ సంతకాలు పెట్టారు. అత్త మాత్రం ఆ కాగితం మడతపెట్టి నా దగ్గరికి తెచ్చింది.

"సదువమ్మీ."

చదివాను. ఇసుక తీసుకొనుటకు మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు అని ఉంది. అంతే.

"ఎంత లోతు తీస్తారంట?"

"మోకాల్లోతేనంట అత్తా."

"కాయితంలో ఉన్నాదా?"

కాగితంలో లేదు. కానీ నాకు కుళాయి కావాలి. పన్నెండేళ్లుగా బిందె మోసి నా నడుం మీద నల్లటి మచ్చ పడింది. కాగితం మీద నుంచి కళ్లెత్తకుండా "ఉన్నాది" అన్నాను. అత్త ఇంకేమీ అడగలేదు. వేలిముద్ర వేసింది.

ట్యాంకు కట్టారు. నీలం రంగు వేశారు. రెండేళ్లు కుళాయిల్లో నీళ్లు వచ్చాయి. ఏట్లోకి పొక్లెయిన్లు దిగాయి. మోకాలు కాదు, మనిషి నిలబడితే తల కనపడని గోతులు పడ్డాయి. మూడో వేసవికి ట్యాంకుకు నీళ్లెక్కించే ఏటి ఒడ్డు బోరు ఎండిపోయింది, దాంతో ట్యాంకూ ఎండిపోయింది. అత్త పాత బిందె తీసుకుని ఏట్లోకి దిగింది, నేనూ వెంట వెళ్లాను. మోచెయ్యి దాకా తవ్వింది. భుజం దాకా తవ్వింది. చివరికి బోర్లా పడుకుని చెయ్యి దించింది. వేళ్లకు జిగటమట్టి అంటింది. చుక్క నీరు లేదు.

లేచి తిన్నగా వెళ్లి లారీకి అడ్డంగా నిలబడింది. ఊరంతా ఒడ్డున పోగయింది. నేనూ గట్టెక్కి వాళ్లలో కలిసిపోయాను. ఒక్కరూ కిందికి దిగలేదు. దిగనివాళ్లలో నేనూ ఉన్నాను. కాంట్రాక్టరు మనిషి ఫైలు తీసి ఆ కాగితం ఆవిడ మొహం ముందు ఆడించాడు. "నీ వేలిముద్రేగా ఇది?" అన్నాడు. అత్త ఆ కాగితం లాక్కుని గట్టెక్కి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మీ, మోకాల్లోతని ఎక్కడ రాసున్నాదో ఓపాలి ఏలెట్టి సూపించు."

అందరూ నన్నే చూస్తున్నారు. నా చెయ్యి లేవలేదు.

"లేదత్తా" అన్నాను.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. మామూలు గొంతుతోనే అడిగింది.

"మరైతే నీ బిందె నిండినాదేటే?"

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ట్యాంకరు నీళ్లు తాగింది. నేను ఊరికి వెళ్తే అన్నం పెట్టేది, మాట్లాడేది, ఆ కాగితం ఊసు మాత్రం ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు. కాంట్రాక్టరు మీద, ఊరి మీద నాకున్న కోపం చెప్పమంటే రోజంతా చెప్పగలను. జరిగినదాంట్లో పెద్ద వాటా నాదేనని ఒప్పుకోవడానికే ఇన్నాళ్లు పట్టింది.

ఇప్పుడు విజయనగరంలో బళ్లో పాఠాలు చెబుతున్నాను. మా వాచ్‌మన్ భార్య, కూరలమ్మే ఆవిడ, ఎవరు కాగితం తెచ్చినా అక్షరం వదలకుండా చదివి వినిపిస్తాను. వాళ్లకు నోటితో చెప్పిన మాట కాగితంలో లేకపోతే వాళ్ల వేలు పట్టుకుని ఆ ఖాళీ మీద పెడతాను. ఇక్కడ ఏమీ రాయలేదు, చూసుకో అంటాను.

నిన్న మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఒక కాగితం తెచ్చి ఇచ్చారు. రెండు బోర్లు ఎండిపోయాయి కాబట్టి మూడోది వేయడానికి మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు అని ఉంది. ఎంత లోతు వేస్తారండీ అన్నాను. "నీళ్లు పడేదాకా మేడం" అని నవ్వారు. అచ్చం ఆ వరండాలో విన్న నవ్వే. వెనక వీధిలో పాత పెంకుటిళ్ల వాళ్లందరికీ కలిపి ఒకటే చేతిపంపు ఉంది. దాని సంగతి ఆ కాగితంలో లేదు.

ఇందాక సెక్రటరీ గారు మళ్లీ ఫోన్ చేశారు. అందరి సంతకాలూ అయిపోయాయట, నాదొక్కటే మిగిలిందట. కింద మీటింగు హాల్లో అంతా ఎదురు చూస్తున్నారట. కాగితం తీసుకుని వెళ్తున్నాను. వెనక వీధి వాళ్ల పంపు సంగతి ఎక్కడ రాశారో, అందరి ముందూ వేలు పెట్టి చూపించమంటాను.