శుక్రుడి మీద రాత్రి చాలా పొడుగు

నా గొంతు పెద్దది. కాజీపల్లి మందుల కంపెనీల దగ్గరి బడికి ఇంగ్లీషు టీచరుగా వచ్చిన మొదటి వారంలోనే పిల్లలు నాకు ‘సైరన్ మేడం’ అని పేరు పెట్టారు. కంపెనీ సైరన్ తర్వాత అంత చప్పుడు నాదేనట. కోపం రాలేదు, ఉన్నమాటే కదా అనుకున్నాను. నోరున్నవాడిదే రాజ్యం అని నమ్మి పెరిగినదాన్ని.

అందుకే పదో తరగతి వాళ్లతో గ్రహాల ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు గట్టిగా ఒక షరతు పెట్టాను. గైడు చూసి రాయొద్దు. జట్టుకొక గ్రహం. ఆ గ్రహానికి మీరే పోయొచ్చినట్టు, అక్కడ ఏం చూశారో, ఒళ్లు ఎట్లా ఉందో ఇంగ్లీషులో చెప్పాలి. తప్పులొస్తే రానీ, కానీ చివరి బెంచీకి వినపడాలి.

పిల్లలు ఎగబడ్డారు. తుక్కు దుకాణం నుంచి అట్ట డ్రమ్ముల మూతలు తెచ్చి శనికి వలయాలు కోశారు. పాత పేపర్లు, మైదా జిగురుతో గుండ్లు చేసి వరండాలో ఆరబెట్టారు. బృహస్పతి మీది ఎర్రమచ్చకు ఎవరి తల్లిదో కుంకుమ డబ్బా ఖాళీ అయింది. శుక్రుడు వచ్చిన జట్టు మాత్రం పుస్తకం తెరవనే లేదు. యాసిడ్ మబ్బులు, ఊపిరాడని గాలి అని నేను మొదలుపెట్టగానే ఒకడు లేచి, “అది మాకు ఎరుకే మేడం. కంపెనీ గాలి ఇటు మళ్లిందంటే మా లైన్ల గట్లనే ఉంటది” అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చున్నాక ఆ మాటే మళ్లీ గుర్తొచ్చి అన్నం సయించలేదు.

ఆ జట్టులో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి నారాయణఖేడ్ వైపు పల్లెలో కూలికి పోయేవాడు. ఈమె పసిపిల్లగా ఉన్నప్పుడే ఇక్కడికొచ్చి మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి చేరాడు, ఎక్కువగా రాత్రి డ్యూటీ. తల్లి పగలు ప్యాకింగుకు పోతుంది. అమ్మాయి రాస్తే ముచ్చటగా రాసేది. నోరు తెరిస్తే పక్కన కూర్చున్నవాళ్లకే వినపడదు. నేను “గట్టిగా” అన్నకొద్దీ ఆమె గొంతు ఇంకా లోపలికి పోయేది. ఒకరోజు విసుగెత్తి, “మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?” అనేశాను. తల వంచుకుంది.

సంగతేమిటో తల్లిదండ్రులనే అడుగుదామని ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాళ్ల ఇంటికి వెళ్లాను. వరసగా కట్టిన కిరాయి గదులు, వాళ్లు లైను అనేది దాన్నే, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. నేను అలవాటుగా “ఇంట్లో ఎవరున్నారు?” అని కేకేశాను. నాలుగు గుమ్మాల్లోంచి ఆడవాళ్లు పెదవుల మీద వేలు పెట్టుకుని బయటికొచ్చారు. “నైట్ డ్యూటోళ్లు పండుకున్నరు మేడం. జెర మెల్లగ” అంది ఒకావిడ. గదుల ముందు పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. కూత లేదు. కూతకు పోయినవాడు పెదవులు మాత్రం ఆడిస్తున్నాడు, అవతలివాళ్లు ఆ పెదవులనే చూస్తూ పట్టుకోవడానికి కాచుకున్నారు. కూరగాయల బండాయన కూడా అరవకుండా ఒక్కో గడప ముందు ఆగి నిలబడుతున్నాడు. మా శుక్రుడి జట్టు అమ్మాయి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేటతో చెరిగితే చప్పుడవుతుందని చేత్తోనే ఏరుతోంది. వెనకాల చాప మీద తండ్రి, కళ్ల మీద తువ్వాలు.

ముత్యాల మాట నన్నే వెక్కిరించింది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడటం అంటే నాయన నిద్ర చెడగొట్టడమే.

మర్నాటి నుంచి బడి అయ్యాక జట్టు మొత్తాన్ని మైదానంలోకి తీసుకుపోయాను. ఆమె రోడ్డు వైపు గోడ దగ్గర, మిగతావాళ్లు ఆ చివర. మాట వినపడితే చెయ్యెత్తాలి. గోడ అవతల లారీలు, ట్యాంకర్లు పోతూనే ఉంటాయి. మొదట్లో దగ్గు తప్ప ఏమీ రాలేదు. చేతులు దించుకుని వాళ్లు, మొహం దించుకుని ఈమె. చివరికి ఒక సాయంత్రం ట్యాంకరు హారన్ కొడుతుండగానే ఆ చివర చేతులన్నీ ఒక్కసారి లేచాయి. అమ్మాయి నోటి మీద చెయ్యి వేసుకుంది, తర్వాత చెయ్యి తీసేసి పెద్దగా నవ్వింది. ఇంటికెళ్లే షేర్ ఆటోలో నేను కారణం లేకుండా పక్కావిడతో కబుర్లు పెట్టుకున్నాను.

ఆమె సొంతంగా రాసుకున్న వాక్యాలు రెండు ఉన్నాయి. “ఆన్ వీనస్, వన్ నైట్ ఈజ్ వెరీ వెరీ లాంగ్. మై ఫాదర్ కెన్ స్లీప్ ఫుల్లీ.” ఎర్ర పెన్ను చేతిలో ఉంది కానీ దిద్దబుద్ధి కాలేదు.

ఇంతలో పది తర్వాత సంగతి వచ్చింది. గురుకులంలో చేరితే ఇంటరు చదువు, హాస్టలు, తిండి అన్నీ అక్కడే. అమ్మాయికి ప్రాణమంత ఆశ. తన వారపు సెలవు రోజున తండ్రి బడికి వచ్చాడు. మెత్తని మనిషి, చెప్పులు గది బయటే విడిచాడు.

“పంపద్దని కాదు మేడం. దానికి నోరు లేదు. అడగంది అమ్మైనా పెట్టదంటరు. ఆకలైతదని గూడ అడగని పిల్ల హాస్టల్ల ఎట్ల బతుకుతది? ఎవరన్న ఏమన్న అంటే ఎవరికి చెప్పుకుంటది?”

“నోరుంది అన్నా. ప్రాజెక్టు రోజు మీరే వచ్చి వినండి. విన్నాకే చెప్పండి.”

ఆయన తల ఊపి, “వింట మేడం. నా చెవులతోని వింటె నాకు గూడ ధైర్యమొస్తది. అప్పుడు ఇగ ఆపను” అన్నాడు. కిటికీ అవతల నిలబడి వింటున్న అమ్మాయి, నేను చూడగానే పరిగెత్తింది.

ప్రాజెక్టు రోజున ఆయన వచ్చాడు. పొద్దున డ్యూటీ దిగాల్సిన మనిషి, తర్వాతి షిఫ్టు వాడు రాకపోతే మధ్యాహ్నం దాకా నిలబడి, ఇంటికి కూడా పోకుండా కంపెనీ బట్టల్లోనే వచ్చాడు. ముందు వరసలో కుర్చీ వేయించాను. బుధుడు అయింది, అంగారకుడు అయింది. పిల్లలు అరిచారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టాడు. శని వాళ్ల వలయం ఊడిపోతే దాన్ని అతికించుకోవడానికి కాస్త ఆలస్యమైంది. ఆ కాస్తలోనే ఆయన గడ్డం గుండెల మీదికి వాలిపోయింది.

శుక్రుడి జట్టు వచ్చి నిలబడింది. అమ్మాయి ఊపిరి పీల్చుకుని “అవర్ ప్లానెట్” అంది. ఆ రెండు మాటలూ గది దాటి వరండాలోకి వెళ్లాయి. అప్పుడే చూసింది. తండ్రి నిద్రలో కొంచెం కదిలాడు. అంతే, గొంతు పడిపోయింది. మిగతా వాక్యాలన్నీ గుసగుసగా చెప్పింది, ఒక్కటీ వదలకుండా. పక్కనున్న జట్టు పిల్లలు కూడా, ఎవరూ చెప్పకుండానే, గొంతులు తగ్గించేశారు. కూర్చున్న పిల్లలు కుర్చీ కదపలేదు, దగ్గలేదు. నేను లేచి వెళ్లాను. నా చెయ్యి ఆయన భుజం దాకా పోయింది. అమ్మాయి మాట ఆపకుండానే నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. అంత బతిమాలే చూపు నేనెక్కడా చూడలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయిపోయాక పిల్లలు అరచేతులు తగలకుండా చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో తీసిన వీడియోలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

కుర్చీలు సర్దుతుంటే ఆయనకు మెలకువ వచ్చింది. “మా బిడ్డది ఎప్పుడు?” అన్నాడు.

“అయిపోయింది నాయనా” అంది అమ్మాయి మెల్లగా.

ఆయన మొహం చిన్నబోయింది. “ఇప్పుడు మళ్లీ చెప్తుంది, వినండి” అని నేనే అమ్మాయిని ముందుకు నెట్టాను. ఎర్రబడ్డ కళ్లతో ఆయన ఆశగా చూస్తున్నాడు. ఆమె నోరు తెరిచింది. ఆ మొహం ముందు ఏనాడూ గొంతెత్తని పిల్ల. పెదవులు కదిలాయి, కన్నీళ్లు వచ్చాయి, మాట మాత్రం రాలేదు.

ఆయన లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

“పోనీ బిడ్డా. చూసిన్రు గద మేడం. ఎవరు ఒర్లినా, అరిచినా నాకు మెలకువ రాదేమో గని, ఇది గట్టిగ చెప్తే లేవకుంటనా? నా బిడ్డ గొంతు నాకు తెల్వదా?”

తెలియదు. ఆయన ఒక్కసారి కూడా వినలేదు. మీ నిద్ర కోసమే గట్టిగా చెప్పలేదు అన్నా అని నేను ఎన్ని రకాలుగా చెప్పినా, అది టీచరమ్మ మంచితనం అనుకున్నాడు. ఇద్దరూ గేటు దాటి పోయారు. సైరన్ మేడం స్టాఫ్ రూములో తలుపు వేసుకుని ఏడ్చింది.

అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. గురుకులంలో సీటు వచ్చింది. తండ్రి మాత్రం కదలలేదు. చేరడానికి ఆఖరు రోజున ఆగలేక ఆ లైనుకు వెళ్లాను. లేపి అయినా సరే, పోట్లాడి అయినా సరే ఒప్పిద్దామని దారంతా మాటలు కూడగట్టుకున్నాను. గడప ముందు నిలబడి “అన్నా” అని ఒక్క పిలుపు పిలిచాను. అమ్మాయి లోపలి నుంచి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుని లైను చివరి దాకా నడిపించుకుపోయింది.

“ఇవాళ అయిపోతే ఇక సీటు ఉండదు. నీకు తెలుసా?” అన్నాను.

“తెల్సు మేడం” అంది. చున్నీతో కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడే పండుకున్నడు. రాత్రికి మళ్ల డబుల్ డ్యూటీ ఉంది. లేపకుండ్రి.”