ఖాదర్ సాబ్ నేర్పిన జపాన్ భాష

1963 జూన్‌లో నన్ను వికారాబాద్ పంచాయతీ సమితికి వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. బీడీవో కింద, గ్రామసేవకుల పైన ఉండే ఉద్యోగం అది. కొత్త విత్తనమో పనిముట్టో వస్తే రైతు పొలానికి తీసుకుపోయి చేసి చూపించాలి.

నేను చేరిన నెలకే జపాన్ నుంచి దున్నే యంత్రం వచ్చింది. మనిషి వెనక నడుస్తూ పట్టుకునే చిన్నది, పవర్ టిల్లర్ అంటారు. డిసెంబరులో అక్కడి మెకానిక్ ఒకాయన వచ్చి పది రోజులు నేర్పుతాడనీ, దుబాసీని మాత్రం పంపలేమనీ పై ఆఫీసు రాసింది. బీడీవో గారు ఆ కాగితం నాకిచ్చి, ఐదు నెలల గడువుంది, మీరే ఆ భాష నేర్చుకోండి అన్నారు.

హైదరాబాద్ కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో ఇంగ్లీషులో రాసిన జపాన్ వాచకం దొరికింది. పొద్దున ఆఫీసుకు ముందు పలక మీద అక్షరాలు దిద్దేవాణ్ణి. ఆ భాషలోనూ మనకు లాగే క్రియ చివరికే వస్తుంది. ‘టోక్యో నుంచి’ అనడానికి ‘టోక్యో కర’ అంటారు. అది చూశాక ధైర్యం వచ్చింది. కాని పలకడం ఎట్లాగో పుస్తకం చెప్పదు.

తాండూరులో ఖాదర్ సాబ్‌కు జపాన్ మాట వస్తుందని ఒక గ్రామసేవక్ చెప్పాడు. ఆయన పాత ఫౌజీ. యుద్ధంలో సింగపూర్‌లో పట్టుబడి మూడేళ్లు జపాన్ వాళ్ల దగ్గర ఖైదీగా ఉన్నాడు. నేను వెళ్లేనాటికి నాపరాళ్ల లోడింగు దగ్గర మేస్త్రీ. మొదట ఒప్పుకోలేదు.

“నాకొచ్చింది క్యాంపు మాట సార్. మీకు పనికొస్తదో రాదో, జర చూసుకోండ్రి,” అన్నాడు.

నేను పట్టించుకోలేదు. ప్రతి ఆదివారం రైలెక్కి తాండూరు పోయేవాణ్ణి. ‘కోయి’ అంటే రావడం, ‘మొత్తె కోయి’ అంటే తేవడం, ‘హయాకు’ అంటే జల్దీ. ఆయన పలికితే నేను రాసుకునేవాణ్ణి. మాట నోటికి వస్తోంది కదా అని వాచకంలో మర్యాద మాటల పాఠం వదిలేశాను.

డిసెంబరులో తనాకా అనే ఆ మెకానిక్ రైలు దిగాడు. నలభై దాటిన మనిషి. నేను ఎదురెళ్లి, గట్టిగా, “కోయి! హయాకు! మొత్తె కోయి!” అన్నాను. పెట్టె పట్టుకుని త్వరగా రండి అని నా ఉద్దేశం. ఆయన ముఖం మాడిపోయింది. ఆ రోజంతా మడిలో సైగలే తప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదు నెలలు ఏం చదివారండీ అని బీడీవో గారు రైతుల ముందే అడిగారు.

సాయంత్రం వదిలేసిన పాఠం తీశాను. నేనన్నది ‘రారా, తొందరగా పట్టుకురారా’ అని అప్పుడు తెలిసింది. మర్నాడు క్షమాపణ రాసి, కింద ‘నా గురువు, సింగపూర్, ఖైదీ’ అని జపాన్ అక్షరాల్లో కూడబలుక్కుని రాసి ఇచ్చాను. తనాకా గారు అది చదివారు. తర్వాత పెన్సిల్ తీసుకుని నా నోటుబుక్కులో ‘కోయి’ కొట్టేసి ‘కితె కుదాసై’, దయచేసి రండి, అని రాశారు. అట్లా ప్రతి మాటా దిద్దారు. చివర, ఆ గురువు దగ్గరికి తీసుకుపొమ్మన్నారు.

ఆదివారం ఇద్దరం తాండూరు వెళ్లాం. మమ్మల్ని చూడగానే ఖాదర్ సాబ్ మంచం మీంచి లేచి, చేతులు తొడలకు ఆనించి, నడుం వంచి నిలబడ్డాడు. వంగమని ఎవరూ చెప్పలేదు, క్యాంపు నాటి అలవాటు. తనాకా గారు ఆయన కంటే కిందికి వంగి, “సువత్తె కుదాసై,” అన్నారు.

ఖాదర్ సాబ్ కదల్లేదు. నా వైపు చూసి అడిగాడు. “సువత్తె అంటే కూసొమ్మని. కుదాసై అంటే ఏంది సార్?”

“దయచేసి అని, ఖాదర్ సాబ్.”

“మూడేండ్లున్న. గా మాట ఒక్కపారి గూడ ఇనలే,” అని మెల్లగా కూర్చున్నాడు.

మిగిలిన రోజుల్లో ఎనిమిది మంది రైతులు టిల్లర్ నడపడం నేర్చుకున్నారు. నల్లరేగడిలో అది దిగబడుతుందని కూడా తెలిసింది.

ఆ తర్వాత తాలూకా మారినప్పుడల్లా కన్నడమో మరాఠీయో కొంత నేర్చుకోవలసి వచ్చింది. ప్రతిసారీ మాట అర్థం కంటే ముందు, అది ఎవరు ఎవరితో అనే మాటో అడిగి రాసుకున్నాను. నేర్పేవాడు జర చూసుకోమన్నప్పుడు ఎందుకని అడగడం నేర్చుకునేవాడి బాధ్యత. నేను ఆ రోజు అడగలేదు.